చమురు బావి – ఊరి తెలుగు: పశ్చిమ కృష్ణా డెల్టాలో అన్వేషణ సన్నాహాల పరిభాషపై విమర్శ

వ్యాససంగ్రహం

కొత్త చమురు బావికి సన్నాహాలు మొదలైనప్పుడు ఆ పనిని ఊరికి వివరించే తెలుగు ఎవరిని ఉద్దేశించినది? ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న ఇది. తెనాలి, బాపట్ల, రేపల్లె పరిసరాల వ్యవసాయ వ్యవహారాన్ని గీటురాయిగా తీసుకొని బావి, తవ్వకం, బురద, తాత్కాలికం, లీజు, ప్రజాభిప్రాయ సేకరణ అనే మాటల పనితీరును పరిశీలిస్తుంది. పరిభాష కొరత కంటే అనువాదపు అలవాటే ఇక్కడ అసలు లోపమని వాదిస్తుంది. 2020 సవరణ తరువాత అన్వేషక బావుల విషయంలో ఆ కొద్దిపాటి తెలుగు కూడా ఊరికి చేరనక్కరలేని స్థితిని చర్చిస్తుంది.

కీలకపదాలు: చమురు బావి, వృత్తి పదజాలం, అనువాద విమర్శ, ప్రజాభిప్రాయ సేకరణ, పశ్చిమ కృష్ణా డెల్టా, కౌలు.

1. పేర్లు వెళ్ళిన దారి

కృష్ణా–గోదావరి బేసిన్ రాతి పొరల పట్టిక చూస్తే తెలుగు ఊళ్ళ జాబితా చదువుతున్నట్టు ఉంటుంది. రాఘవాపురం షేల్, గొల్లపల్లి ఇసుకరాయి, తిరుపతి ఇసుకరాయి, వడపర్రు షేల్, పాలకొల్లు షేల్, మత్స్యపురి ఇసుకరాయి, భీమనపల్లి సున్నపురాయి, మండపేట ఇసుకరాయి. ఒక పొరకు దాన్ని గుర్తించిన చోటి పేరు పెట్టడం భూగర్భ శాస్త్రంలో ఆనవాయితీ కనుక ఇందులో విడ్డూరమేమీ లేదు. పేర్లు ఇంగ్లీషులోకి వెళ్ళినంత సులువుగా ఆ పొరల గురించిన జ్ఞానం తెలుగులోకి తిరిగి రాలేదు. విడ్డూరమంతా అక్కడ ఉంది.

బాపట్ల పేరు కూడా అలా వెళ్ళినదే. కృష్ణా గ్రాబెన్‌ను పశ్చిమ గోదావరి ఉపబేసిన్ నుంచి వేరుచేస్తూ నేల అడుగున పూడిపోయి ఉన్న ఒక ఎత్తుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బాపట్ల హార్స్ట్. భూమి పగుళ్ళ వెంట ఇరువైపుల నేల దిగబడగా మధ్యలో నిలిచిపోయిన భాగాన్ని హార్స్ట్ అనీ, దిగబడిన భాగాన్ని గ్రాబెన్ అనీ అంటారు. వరి పండించే ప్రాంతంలో ఈ రెండింటినీ చెప్పడానికి నిఘంటువు వెతకనక్కరలేదు. ఒకటి గట్టు, మరొకటి పల్లం. పల్లంలో కోట్ల సంవత్సరాలుగా ఒండ్రు పేరుకుంటుంది. చమురు కోసం వెతికేవారు ఆ పల్లాన్నీ దాని గట్టు అంచులనూ చూస్తారు. ఈ మూడు వాక్యాలు తెనాలి చుట్టుపక్కల ఏ రైతుకైనా అర్థమవుతాయి. వీటిని అతనికి చెప్పిన కాగితం ఉన్నదా అన్నదే ప్రశ్న.

ఈ వ్యాసం ఏ ఒక్క సంస్థ పత్రాన్నీ తప్పుపట్టడానికి ఉద్దేశించినది కాదు. ఆ ప్రక్రియలో, దాన్ని వార్తగా రాసే పత్రికలలో స్థిరపడిన మాటలు, స్థిరపడగల మాటలు ఇక్కడి పరిశీలనాంశాలు. ప్రాంతాన్ని ఎంచుకోవడానికీ కారణముంది. కోనసీమలో చమురు పని దశాబ్దాలుగా నిత్యజీవితంలో భాగం. రేపల్లెకు కృష్ణానది ఆవలి ఒడ్డున, దివిసీమలోని నాగాయలంక వద్ద కూడా చమురు కనుగొన్నారు. నదికి ఈవల ఉన్న తెనాలి, బాపట్ల, రేపల్లె పరిసరాలు మాత్రం ఉత్పత్తి క్షేత్రాలుగా పేరుపడలేదు. కాబట్టి ఇక్కడ కొత్తగా దింపే బావి సాధారణంగా అన్వేషక బావి అవుతుంది. ఊరికి ఆ మాటలన్నీ కొత్తవే అవుతాయి. కొత్త మాటను మొదటిసారి విన్నప్పుడు ఏర్పడిన అర్థం తరువాత తేలికగా మారదు.

2. బావి, తవ్వకం, బురద

చమురు అన్న మాట పాతదే. దీపంలో పోసేది, తలకు రాసేది చమురే. దానికి పెట్రోలియం అర్థం తరువాత వచ్చింది, ఏ ఇబ్బందీ లేకుండా కుదిరింది. ‘బావి’ అంత సాఫీగా కుదరలేదు. గుంటూరు ప్రాంతపు బావికైనా, గోదావరి జిల్లాల నుయ్యికైనా ఒక గట్టు, ఒక గిలక, కంటికి కనిపించే నీటిమట్టం ఉంటాయి. మనకు తెలిసిన బావి ప్రమాదం అందులో పడిపోవడం. చమురు బావిలో ఎవరూ పడరు. లోపల ఒత్తిడిలో ఉన్నది అదుపుతప్పి పైకి రావడమే అక్కడి ప్రమాదం. 1995 జనవరి 8న అమలాపురం సమీపాన పాశర్లపూడిలో జరిగినది అదే. తవ్వుతున్న బావిలోంచి వాయువు ఎగదన్ని అంటుకొని రెండు నెలలకు పైగా మండింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయవలసి వచ్చింది. ఆ తరువాత కోనసీమలో ‘బ్లోఅవుట్’ తెలుగు మాటైపోయింది; దానికి అనువాదం అడిగేవారు లేరు. బావి అన్న మాట చెప్పలేని సంగతిని ఆ ఇంగ్లీషు మాట చెప్పింది. అనుభవం అంత ఖరీదు పెట్టి కొనిపించిన మాటను పండితులు తిరిగి ‘విస్ఫోటన’మనో మరొకటనో మార్చబూనడం వృథా శ్రమ.

‘బావి’ని తీసివేయమని కాదు, దాని పక్కనే ‘బోరు’ను నిలబెట్టమని నా సూచన. పత్రికల్లో వార్త వచ్చినప్పుడు శీర్షిక తరచుగా ‘చమురు కోసం తవ్వకాలు’ అని ఉంటుంది. తవ్వకం అంటే గడ్డపార, పార, తట్ట; అది వెడల్పైన గుంటను, గనిని స్ఫురింపజేస్తుంది. వినేవారిలో కొందరు ఊరే గుంట అవుతుందని భయపడతారు, మరికొందరు గుంట పూడ్చేస్తే సరిపోతుందనుకుంటారు. రెండూ తప్పే. బోరు మాత్రం ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. బోరు వేస్తారు, దింపుతారు. రిగ్గు వస్తుంది, కేసింగ్ పైపు దిగుతుంది, ఎన్ని అడుగులకు ఏ మట్టి తగిలిందో పక్కన నిలబడి చూస్తారు. బాపట్ల ఇసుక నేలల్లో ఫిల్టర్ పాయింట్లతో కూరగాయలు, వేరుశనగ పండించే రైతుకు పైనున్న మంచినీటి పొర మందమెంతో, దాని కింద ఉప్పునీరు ఎక్కడ తగులుతుందో అనుభవంతో తెలుసు. చమురు బోరు గురించి అతను అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఆ మంచినీటి పొర గురించినదే. ‘తవ్వకం’ అన్న మాట ఆ ప్రశ్నను పుట్టనివ్వదు. ‘బోరు’, ‘కేసింగ్’ అన్న మాటలు దాన్ని పుట్టిస్తాయి. ఒక అనువాదం కంటే మరొకటి ఏ ప్రాతిపదికన మేలైనదని అడిగితే, చదివినవాడికి సరైన ప్రశ్న తోచడమే ఇక్కడి ప్రాతిపదిక అంటాను.

మడ్ అన్న సాంకేతిక పదం ఇంకా చిక్కు. డ్రిల్లింగ్ పనిలో మడ్ అంటే బెంటొనైట్ బంకమట్టి, బరువు కోసం బెరైటీస్ పొడి, ఇతర రసాయనాలు కలిపి కొలతలతో తయారుచేసిన ద్రవం. అది గొట్టంలోంచి కిందికి వెళ్ళి, రాతి తునకలను మోసుకొని పైకి వస్తుంది. ఉలి కొనను చల్లబరుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా తన బరువుతో లోపలి ఒత్తిడిని అణచిపెడుతుంది. నీటికి నాలుగు రెట్లకు పైగా బరువుండే బెరైటీస్ ఖనిజానికి మన కడప సీమలోని మంగంపేట ప్రపంచ ప్రసిద్ధి పొందిన చోటు. అంటే కృష్ణా డెల్టా బోరులో ఒత్తిడిని ఆపగలిగే పొడి మన నేలలోంచే రావచ్చు. ఇంత కథ ఉన్న పదార్థాన్ని ‘బురద’ అని అనువదిస్తే ఏమవుతుంది? డెల్టాలో బురద అంటే దమ్ము చేసిన చేను. అది చల్లనిది, పంట పెట్టేది, కాలికి అంటితే కాలువలో కడుక్కునేది. ఆ పేరుతో చెప్పిన వ్యర్థం గుంటలో నిల్వ ఉంటుందంటే ఎవరూ ఉలిక్కిపడరు. అలాగని దాన్ని విషమనడమూ సరికాదు. నీటి ఆధారంగా చేసిన మడ్‌కూ, నూనె ఆధారంగా చేసిన మడ్‌కూ చాలా తేడా ఉంది. ఏది వాడుతున్నారన్నదే తెలియవలసిన విషయం. ‘బోరు మందు ద్రవం’ అనవచ్చునేమో. నచ్చకపోతే ‘మడ్’ అనే ఉంచి, అందులో ఏమేమి కలుస్తాయో రెండు వాక్యాలు రాస్తే చాలు.

ఇక కటింగ్స్ అనే రాతి తునకలను ఎవరైనా మక్కికి మక్కిగా ‘కోతలు’ అని రాస్తే, నవంబరులో ఆ కాగితం చదివిన తెనాలి రైతుకు అది వరికోతల సంగతిగా కనిపిస్తుంది. మరో అర్థంలో తీసుకుంటే రాసినవారికే చురక.

3. ‘తాత్కాలికం’ లెక్క

బోరు దిగడానికి ముందు నెలల తరబడి జరిగే పని ఉంది. ఊరికి కంటికి కనిపించేదీ, పరిభాషలో తక్కువ వివరణకు నోచుకునేదీ అదే. స్థలం గుర్తిస్తారు. భారీ లారీలు తిరగడానికి దారి వేస్తారు. హెక్టారుకు అటూఇటూగానో అంతకు మించో ఉండే చేలను గ్రావెల్‌తో పూడ్చి, రోలర్‌తో గట్టిపరచి ఎత్తు లేపుతారు. రిగ్గు నిలిచే చోట కాంక్రీటు దిమ్మె కడతారు. బోరు మూతి దగ్గర సెల్లార్ అనే చిన్న కాంక్రీటు గుంట కడతారు. తెనాలిలో సెల్లార్ అంటే అపార్ట్‌మెంట్ కింద బళ్ళు పెట్టుకునే చోటు కనుక ఈ మాటకు వివరణ తప్పనిసరి. మడ్‌కూ వ్యర్థాలకూ అడుగున నీరింకని పట్టా పరచిన గుంటలు, డీజిల్ జనరేటర్లు, సిబ్బంది బస, వాయువు వస్తే మండించే ఏర్పాటు తరువాత వస్తాయి. ఇవన్నీ పత్రంలో ‘తాత్కాలిక’ పనులు.

తాత్కాలికం అన్నది నెలల లెక్క. డెల్టాలో కాలానికి కొలత పంట. పశ్చిమ కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందే, నిలబడి ఉన్న చేలోనే మినుము చల్లుతారు; నేలలో మిగిలిన తేమతో ఆ పైరు పెరుగుతుంది. కాబట్టి నవంబరు నుంచి జనవరి వరకు మూడు నెలలు అంటే ఒక పంట కాదు, రెండు పంటలు. అదే మూడు నెలలు ఏప్రిల్ నుంచి జూన్ వరకు అయితే లెక్క పూర్తిగా వేరు. నష్టపరిహారం నెలల మీద లెక్క కట్టడానికీ పంటల మీద లెక్క కట్టడానికీ మధ్య తేడా అంతా ఒక్క విశేషణంలో దాగి ఉంది. పైగా గట్టిపడిన నల్లరేగడిలో గ్రావెల్ ఎత్తివేసిన తరువాత కూడా నీరు మునుపటిలా ఇంకదు. పై మట్టిని ముందే విడిగా తీసి కుప్పపోసి, పని ముగిశాక తిరిగి పరుస్తారా లేదా అన్నది ‘యథాస్థితికి తీసుకురాబడుతుంది’ అన్న కర్మణి వాక్యం వల్ల తేలదు. ఎవరు, ఎప్పుడు, ఎంత మందం మట్టి? తెలుగులో కర్తను దాచడానికి ‘బడు’ ధాతువును మించినది లేదు. అనువాద పత్రాలు దాన్ని ఉదారంగా వాడుకుంటాయి.

నీటి సంగతి మరొకటి. ఈ డెల్టాకు నీరు రావడం ఎంత ముఖ్యమో పోవడమూ అంతే ముఖ్యం. చేను నుంచి చేనుకు, బోదె నుంచి మురుగు కాలువకు, అక్కడి నుంచి సముద్రానికి దిగవలసిన నీటికి ఎత్తు లేపిన మడక, దానికి వేసిన దారి అడ్డుకట్టలవుతాయి. పత్రంలో ‘క్రాస్ డ్రైనేజీ ఏర్పాట్లు’ అన్న చోట ఊరు అడిగేది ‘తూము’. తూము ఎక్కడ, ఎంత వెడల్పు, ఎన్ని? ఆ ఒక్క మాట రాస్తే పక్క చేల రైతులందరూ ఆ పుట తిరగేస్తారు. వ్యర్థాల గుంట విషయంలోనూ ఇంతే. 1977 నవంబరు 19 ఉప్పెన జ్ఞాపకం ఉన్న తీరం ఇది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గుంట అడుగున పట్టా ఉన్నదని రాస్తే సగమే చెప్పినట్టు. తుఫాను వానకు అది పైనుంచి పొర్లకుండా ఎంత ఖాళీ వదులుతారన్నది మిగిలిన సగం.

లీజు అన్న మాట దగ్గర విమర్శ భాషను దాటి పోతుంది. సంస్థ భూమిని లీజుకు తీసుకుంటుంది. రైతు భూమిని కౌలుకు తీసుకుంటాడు. సంబంధం ఒకటే, మాటలు రెండు. ఈ ప్రాంతంలో సాగు చేసేవారిలో కౌలురైతులు ఎంతమంది అన్నది ఊళ్ళో అందరికీ తెలిసిన విషయమే. పత్రం ‘భూయజమాని సమ్మతి’, ‘భూయజమానికి పరిహారం’ అని రాసినప్పుడు వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టం. చేలో నిలబడి ఉన్న మనిషి మాత్రం అందులో లేడు. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందంతో సాగుదారుకు గుర్తింపు పత్రం ఇచ్చే ఏర్పాటు అది. చట్టం ‘సాగుదారు’ అన్న చక్కని మాటను ఇచ్చిన తరువాత కూడా చమురు పత్రం ‘భూయజమాని’ దగ్గరే ఆగితే, ఆ లోపాన్ని అనువాదకుడి మీదకు తోసెయ్యలేము. మూలంలోనే ఆ మనిషి లేడు. కలుపుకూ కోతకూ వచ్చే కూలీల సంగతి చెప్పనే అక్కరలేదు.

4. వినడమా, సేకరించడమా

2006 సెప్టెంబరు 14న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ జారీ చేసిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, దరఖాస్తుదారు నివేదిక సారాంశాన్ని ఇంగ్లీషుతోపాటు స్థానిక భాషలో ఇవ్వాలి. ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. కనీసం 30 రోజుల గడువుండాలి. సభలో పాల్గొన్న ప్రతి వ్యక్తికీ దరఖాస్తుదారు నుంచి సమాచారం, వివరణ అడిగే అవకాశమివ్వాలి. చివర కార్యక్రమ సారాంశాన్ని స్థానిక భాషలో వివరిస్తూ చదివి వినిపించాలి. చట్టం మాటల్లో చూస్తే స్థానిక భాషకు ఇంత గౌరవం దక్కిన సందర్భాలు మన పాలనా వ్యవస్థలో అరుదు.

ఈ సభకు మూలంలో పేరు పబ్లిక్ హియరింగ్. తెలుగులో స్థిరపడినది ‘ప్రజాభిప్రాయ సేకరణ’. హియరింగ్ అన్నప్పుడు వినేవాడొకడు ఉన్నాడు. విన్నాక బదులు చెప్పవలసిన బాధ్యత అతనికి ఉంటుంది. న్యాయస్థానంలో ఆ మాటకు మనం ‘విచారణ’ అని వాడుతూనే ఉన్నాము. ‘సేకరణ’లో వినేవాడు లేడు, పోగుచేసేవాడున్నాడు. ధాన్యం సేకరిస్తారు, విరాళాలు సేకరిస్తారు. సేకరించినదాన్ని సంచిలో వేసుకొని వెళ్ళిపోతారు. పైగా ‘అభిప్రాయం’ అన్న మాట ఊరివారి వంతును అనుకూలమో ప్రతికూలమో చెప్పడానికి కుదిస్తుంది. నోటిఫికేషన్ ఇచ్చినది దానికంటే పెద్ద హక్కు, అడిగి తెలుసుకునే హక్కు. ‘మంచినీటి పొర దాటేదాకా కేసింగ్ ఎంత లోతు వేస్తారు?’ అన్నది అభిప్రాయం కాదు, ప్రశ్న. మైకు దగ్గర చాలామంది ‘మేము స్వాగతిస్తున్నాము’, ‘మేము వ్యతిరేకిస్తున్నాము’ అని చెప్పి కూర్చోవడానికి రాజకీయ కారణాలు అనేకం ఉండవచ్చు. సభ పేరే వారిని అటు నడిపిస్తున్నదన్న సంగతిని మాత్రం భాషా పరిశోధకులు పట్టించుకోలేదు. ‘బహిరంగ విచారణ’ అన్న మాట కూడా అక్కడక్కడ వాడుకలో ఉంది. అది మేలు.

ఈ విమర్శకు ఇప్పుడు ఒక చేదు అనుబంధం తోడైంది. 2020 జనవరి 16 నాటి సవరణతో భూమిమీది, సముద్రంలోని చమురు, సహజవాయువు అన్వేషణ పనులను బీ2 వర్గంలోకి మార్చారు. ఆ వర్గానికి పూర్తి ప్రభావ అంచనా నివేదిక అక్కరలేదు, ప్రజా విచారణా అక్కరలేదు. అభివృద్ధి, ఉత్పత్తి దశలకు పాత ప్రక్రియ కొనసాగుతుంది. అన్వేషక బావి ఒకటి రెండు మాత్రమే కదా, దొరికితే తరువాత అడుగుతాము కదా అన్నది దీని వెనకటి తర్కం. దేశానికి చమురు దిగుమతుల భారం ఉన్నమాట నిజమే, అనుమతుల ఆలస్యమూ నిజమే. కానీ అన్వేషక బావికీ ఉత్పత్తి బావికీ గ్రావెల్ ఒకటే, తూము ఒకటే, వ్యర్థాల గుంట ఒకటే. లోపలి ఒత్తిళ్ళు ముందుగా తెలియనిది అన్వేషక బావిలోనే. తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి చోట, అంటే మొదటి బావే అన్వేషక బావి అయ్యే చోట, ఈ మార్పు ఫలితం ఏమంటే: ఊరికి చమురు పని గురించిన తొలి తెలుగు రాతలో రాదు. స్థలం మాట్లాడటానికి వచ్చినవారి నోట, లారీ కాంట్రాక్టరు నోట వస్తుంది. పైన విమర్శించిన అనువాదపు తెలుగుకు ఎన్ని లోపాలున్నా అది కాగితం మీద ఉండేది, పంచాయతీ కార్యాలయంలో దొరికేది, వేలు పెట్టి చూపగలిగేది. నోటిమాటకు ఆ గుణం లేదు.

5. ఉన్న తెలుగుతో రాస్తే

పరిభాష లేదన్న ఫిర్యాదు ఈ విషయంలో చెల్లదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటమే వ్యవసాయానికి సంబంధించినది. నేల, నీరు, గట్టు, కాలువ, తూము, గుంటలకు ప్రాంతాలవారీ మాటలు పోగుచేసిన పని అది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాల కోసం శాస్త్ర పరిభాషను తయారుచేసింది. మొదటిది చేను నుంచి వచ్చింది, రెండవది తరగతి గదికి వెళ్ళింది. చమురు పత్రాల అనువాదం రెండవదానివైపు మొగ్గి, మొదటిదాన్ని మరిచిపోయింది. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు సైన్సు విషయాలను మామూలు పాఠకుడి తెలుగులో రాసిన ఒరవడి మనకున్నదే.

మాదిరికి ఒక పేరా ఇక్కడ రాసి చూపుతున్నాను. ఇది ఏ పత్రానికీ అనువాదం కాదు.

‘మీ ఫిల్టర్ పాయింటు ఎన్ని అడుగులకు మంచినీరు ఇస్తుందో, ఎక్కడ ఉప్పునీరు తగులుతుందో మీకు తెలుసు. మేము దింపే బోరు ఆ రెండు పొరలనూ దాటి కిలోమీటర్ల లోతుకు పోతుంది. మంచినీటి పొర దాటగానే ఇనుప కేసింగ్ దించి, దాని చుట్టూ సిమెంటు పోస్తాము. ఆ తరువాతే కిందికి వెళతాము. కేసింగ్ లోతు ఇన్ని అడుగులు. బోరులో నింపే మడ్‌లో ఇవి కలుస్తాయి. పైకి వచ్చిన రాతి తునకలను ఈ గుంటలో వేస్తాము. గుంట నిండకుండా పైన ఇన్ని అడుగులు ఖాళీ ఉంచుతాము. వరి కోసి మినుము చల్లే కాలంలో పని పడితే రెండు పంటల నష్టం కడతాము. సాగు చేసేవారి పేరు వేరుగా రాసుకుంటాము.’

ఇందులో కొత్తగా కల్పించిన పదం ఒక్కటీ లేదు. బోరు, కేసింగ్, సిమెంటు, ఫిల్టర్ పాయింటు వంటి అరువు మాటలున్నాయి, అవి ఊరివే. ‘ఇన్ని’ అన్న చోట్ల అంకెలు నింపవలసింది మాత్రం సంస్థ. ఇలా రాయడానికి సంస్థలు ఇష్టపడకపోవచ్చునన్న ఆక్షేపణ న్యాయమైనదే. కర్తను పెట్టి, క్రియను వర్తమానంలో పెట్టి, అంకె రాస్తే ఆ వాక్యం హామీ అవుతుంది. కర్మణి తెలుగు రాసేవారికి అసలు సదుపాయం అదే కావచ్చు. ఆ మాటకొస్తే ఇంగ్లీషు మూలంలోనూ అదే సదుపాయం ఉంది. కాకపోతే దాన్ని చదివే నిపుణుడికి లోపం పట్టుకునే శిక్షణ ఉంటుంది.

పరిశోధకులకు ఇక్కడ చేయదగిన పని ఒకటి కనిపిస్తుంది. కోనసీమలో రిగ్గుల మీద పనిచేసినవారు, కాపలాదారులు, వంటవారు, ట్యాంకర్ డ్రైవర్లు, బావి పక్క చేలు చేసినవారు ఆ పనికి సంబంధించిన ప్రతి వస్తువునూ ఏదో ఒక పేరుతో పిలుస్తూనే ఉంటారు. వ్యర్థాల గుంటను ఏమంటారు? రాత్రి ఆకాశంలో కనిపించే వాయువు మంటను ఏమంటారు? పని ఆగిపోయి మూతపెట్టిన బోరును ఏమంటారు? వృత్తిపదకోశాల పద్ధతిలో, ఊరు పేరూ మాట్లాడినవారి వృత్తీ నమోదు చేస్తూ ఈ మాటలను సేకరిస్తే, రేపల్లె వైపు మొదటి గ్రావెల్ లారీ వచ్చే నాటికి కాగితం రాసేవారి చేతిలో ఒక పట్టిక ఉంటుంది.